డాక్టరమ్మ రాసిన రామకోటి

పోయిన నెల నేనొక అపచారం చేశాను. 53 ఏళ్లు వచ్చి, మనవడు కూడా పుట్టాక, గైనకాలజిస్టు దగ్గరికెళ్లి "డాక్టర్‌గారూ, మా ఆయనతో కలిసినప్పుడు బాగా నొప్పి, మంట ఉంటున్నాయండీ" అని నోరు తెరిచి చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. పక్కన బీపీ చూసే అమ్మాయి గబుక్కున గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి తిథులు చదవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, ఎంతో ఆప్యాయంగా, "ఈ వయసులో మీకెందుకమ్మా అవన్నీ? మనవడితో ఆడుకోండి, కాస్త రామకోటి రాసుకోండి, మనసు మళ్లుతుంది" అంది. కాల్షియం మాత్రలు రాసిచ్చింది. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంది.

నేను ఆ చీటీని చాలా సీరియస్‌గానే తీసుకున్నాను. రామకోటి భోజనానికి ముందా, తర్వాతా? పూటకెన్ని పేజీలు? మంట మరీ ఎక్కువగా ఉంటే డోసు పెంచొచ్చా? రాముడి మీద నాకే కోపమూ లేదు, భార్య కోసం సముద్రానికి వారధి కట్టించినవాడు, ఈ గొడవ ఆయనకు చెప్పుకున్నా డాక్టరమ్మ కంటే ఓపిగ్గా వినేవాడు. ఎటొచ్చీ ఇందులో నా మనసు మళ్లించాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు, నా మనసు బాగానే ఉంది, మండుతున్నది వేరేచోట.

అసలు నియమాలు తెలియకపోవడం నా తప్పే. ఆంధ్రాలో ప్రభుత్వోద్యోగికి 62 ఏళ్లదాకా సర్వీసు ఉంది, తెలంగాణలో 61 దాకా. మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46, 47 ఏళ్లకు ముట్లు ఆగిపోతాయి కదా, వరసగా 12 నెలలు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క, ఆ పన్నెండో నెల ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి ఒంటికి రిటైర్మెంట్ అన్నమాట. రిటైరైన ప్రతి గుమాస్తాకీ శాలువా కప్పుతారు, మాకదీ లేదు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. వంటింట్లో ఎక్స్‌టెన్షన్ మాత్రం చచ్చేదాకా.

ఆ రోజు ఆవిడ చెప్పని సంగతి తర్వాత నేనే చదువుకుని తెలుసుకున్నాను. ముట్లు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గిపోతుంది. దాంతో యోని దగ్గర చర్మం పల్చబడుతుంది, తడి తగ్గుతుంది, సాగే గుణం పోతుంది. కలిస్తే నొప్పి, కలవకపోయినా మంట, మాటిమాటికీ మూత్రానికి ఇన్ఫెక్షన్. ఒళ్లంతా ఆవిర్లు పుట్టడం కొన్నేళ్లకు చాలామందిలో తగ్గుతుందిగానీ, ఇది వదిలేస్తే దానంతటది తగ్గేది కాదు, ముదిరేది. డాక్టర్లు ఒకప్పుడు దీన్ని సెనైల్ వెజైనైటిస్ అనేవాళ్లు, అంటే ముసలి వాపు. 2014లో ఎవరికో దయ కలిగి జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని మార్చారు, అంటే ముట్లు ఆగాక యోనికీ మూత్రానికీ వచ్చే ఇబ్బందులన్నమాట. పేరు మారిందన్న కబురు మా డాక్టరమ్మ దాకా ఇంకా చేరినట్టు లేదు.

మగవాళ్ల కబురైతే ఎంత దూరమైనా చేరుతుంది. రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి, పట్టాల పొడుగునా గోడలమీద మనిషెత్తు అక్షరాలు, నరాల బలహీనతా, శీఘ్రస్ఖలనమా, ఒక్కసారి సంప్రదించండి. వయాగ్రా 1998లో అమెరికాలో వస్తే ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా దానిమీద జోకులు పుట్టాయి. 65 ఏళ్ల పెద్దమనిషి మందు అడిగితే అది ఆరోగ్యం, 53 ఏళ్ల ఆడది నొప్పి అంటే రామకోటి. ఆ మందేసుకున్న పెద్దమనిషి ఎవరి దగ్గరికి వెళ్తాడో ఆ గోడలు రాసేవాళ్లుగానీ, టీ కొట్టు దగ్గర నవ్వేవాళ్లుగానీ ఎప్పుడైనా ఆలోచించారా?

మొన్న మాఘంలో మా అక్కాబావల షష్టిపూర్తి జరిగింది. అమెరికా నుంచి కొడుకొచ్చాడు, పెద్ద ఫంక్షన్ హాలు, పైన డ్రోను. అక్కకు బుగ్గచుక్క పెట్టారు. జీలకర్రాబెల్లం అయింది, మెడలో మళ్లీ తాళి కట్టించారు, తలంబ్రాలు పోయించారు, బిందెలో ఉంగరం తీయించారు, మరదళ్లమంతా చేరి "బావగారూ, రాత్రికి పాలగ్లాసు రెడీయేనా" అని ఆటపట్టించాం, ఆయన సిగ్గుతో ఎర్రబడిపోయారు, ఫొటోగ్రాఫర్ "మేడమ్, ఇంకొంచెం సిగ్గుపడండి, సార్ భుజం మీద తల పెట్టండి" అంటే అక్క మూడుసార్లు పెట్టింది, మూడోసారి సరిగ్గా వచ్చిందట. పంతులుగారు ఇది మళ్లీ పెళ్లేనమ్మా అని మైకులో చెప్పారు. 400 మంది అక్షింతలు వేశారు. రాత్రి తొమ్మిదింటికి కొడుకు వాట్సాప్‌లో గదుల లిస్టు పెట్టాడు. 204లో అమ్మ, ఇద్దరు పిన్నులు, దొడ్డమ్మ, ఇద్దరు మనవరాళ్లు. నాన్న మూడో అంతస్తులో తోడల్లుళ్లతో. కొత్త పెళ్లికూతురు బుగ్గచుక్క కూడా చెరపకుండా కింద పరుపేసుకుని, మోకాళ్లకు అమృతాంజనం రాసుకుంటూ, పెద్ద మనవరాలికి పేదరాశి పెద్దమ్మ కథ చెబుతూ నిద్రపోయింది. కొత్త పెళ్లికొడుకు పైన గురకల మధ్య మేలుకునే ఉన్నాడట, పొద్దున్నే కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ పాలగ్లాసు ఎవరు తాగారో నాకైతే తెలియదు. లిస్టు చూసి అందులో తప్పుందని ఒక్కరికీ అనిపించలేదు, నాకు కూడా. ఇంటికొచ్చాక అనిపించింది.

ఆ తర్వాత నెలకే అక్క డాలస్ వెళ్లింది, కోడలి పురుడుకి, ఆరు నెలలకి. బావ విజయవాడలో కర్రీ పాయింట్ పప్పు తింటున్నారు.

ఇంతవరకూ నవ్వుకుంటూ రాశాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు 38 ఏళ్లు. 31వ ఏట కడుపునొప్పి అని వెళ్తే "పిల్లలు పుట్టేశారుగా, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి గర్భసంచి తీసేశారు, అండాశయాలతో సహా. అవి తీసేస్తే ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు. ఆ ముక్క ఆపరేషన్‌కి ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు, కుట్లు విప్పి పంపేశారు. "అప్పట్నించీ ఒకటే మంటమ్మా, ఆయన దగ్గరికొస్తే కళ్లెమ్మట నీళ్లొస్తాయి. ఎవడున్నాడే నీకు అని కొడతాడు" అంది అంట్లు తోముతూనే, తలెత్తకుండా. ఏడేళ్లుగా తింటోంది ఆ దెబ్బలు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లరైతే, మన రెండు రాష్ట్రాల్లోనూ 8 శాతం దాటారు. అవసరంలేని ఆపరేషన్లు ఆపించమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. కోసేటప్పుడు అడ్డురాని వయసు, నొప్పి అని చెప్పుకోవడానికి మాత్రం ఎలా అడ్డొస్తుంది? ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి, క్యాన్సర్ కావచ్చు. మంట అని వచ్చినప్పుడే సిగ్గుతో చంపి పంపిస్తే, ఆ రక్తం కనిపించిన రోజు ఆ మనిషి మళ్లీ మీ గుమ్మం తొక్కుతుందా, డాక్టరమ్మా?

నేను ఇంకో డాక్టర్ దగ్గరికెళ్లాను. చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. లోపల పరీక్ష చేసింది, రొమ్ము క్యాన్సర్ ఏమైనా వచ్చిందా అని అడిగింది, వస్తే ఈ మందు ఆలోచించి ఇవ్వాలట. ఈస్ట్రోజన్ క్రీము రాసింది, మొదటి రెండు వారాలు రోజూ రాత్రి లోపలికి రాసుకోవాలి, తర్వాత వారానికి రెండుసార్లు, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువని చెప్పింది. కలిసేటప్పుడు వాడుకోమని వేరే జెల్ రాసింది. పది నిమిషాల పని. మా పనావిణ్ణి కూడా ఆ పిల్ల దగ్గరికే తీసుకెళ్లాను.

మెడికల్ షాపు కుర్రాడు చీటీ రెండుసార్లు చదివి, చుట్టూ చూసి, "ఎవరికాంటీ?" అన్నాడు. నాకే అన్నాను. పక్కన దగ్గుమందు కొంటున్న ఒకాయన దగ్గడం మానేశాడు. కుర్రాడు ట్యూబుని పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి, గంజాయి అమ్ముతున్నట్టు కౌంటర్ కిందనుంచి అందించాడు.

వచ్చే శ్రావణంలో మా షష్టిపూర్తి. మా వాడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, అమ్మా, గదుల లిస్టు వేస్తున్నా, నిన్ను అత్తయ్యలతో వేయనా, పెద్దమ్మతో వేయనా అని అడిగాడు. మీ నాన్నతో వెయ్యి నాన్నా, ఆ గది తలుపుకి లోపల గొళ్లెం సరిగ్గా పడుతుందో లేదో ఓసారి చూసిరా అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. నెట్‌వర్క్ పోయిందనుకుంటా.