పోలీసు జట్టు ఫార్ములా మన అమ్మాయిలకెందుకు లేదు?

జాతీయ సీనియర్ మహిళల ఫుట్‌బాల్ టోర్నీ వచ్చిందంటే మన తెలుగు రాష్ట్రాల్లో అదే తంతు. హడావుడిగా సెలక్షన్స్, చిన్న క్యాంపు, రైలెక్కడం. ఓడి వస్తే తప్పంతా అమ్మాయిలదే.

1991లో మొదలైన ఈ టోర్నీని మణిపూర్ ఇరవైసార్లకు పైగా గెలిచింది. ఫుట్‌బాల్ వాళ్ల రక్తంలోనే ఉందంటారు. నేనొప్పుకోను. వాళ్ల చేతిలో ఉద్యోగం ఉంది. ఇండియా మాజీ కెప్టెన్ బెంబెం దేవి, 2020లో స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్‌కు ఆడటానికి వెళ్లిన బాలాదేవి ఇద్దరూ మణిపూర్ పోలీసు జట్టు నుంచి వచ్చినవాళ్లే. 2018లో కటక్ ఫైనల్లో ఆ మణిపూర్‌నే 2-1తో ఓడించింది తమిళనాడు. 2023లో మళ్లీ కప్పు కొట్టింది. ఆ రాష్ట్రం నుంచి ఇండియాకు ఆడిన ఇందుమతి పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. కరోనా రోజుల్లో యూనిఫాంతో చెన్నై రోడ్ల మీద డ్యూటీ చేసింది. నెల జీతం వస్తుంటే ఇంట్లో ‘ఇక ఆటలు చాలు’ అనే మాట లేవదు.

మనది క్రికెట్ నేల, ఫుట్‌బాల్ ఇక్కడ నడవదనేవాళ్లున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీ. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలో పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. పోలీస్ జట్టు! ఉద్యోగమిచ్చి ఆడించడం డెబ్బై ఏళ్ల కిందటే మనకు తెలుసు. మగవాళ్లకు చేసింది ఆడపిల్లలకు ఎందుకు చేయం? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్ ఇండియా జెర్సీ వేసుకుంది. ఒక్క సౌమ్యతో జట్టు కాదు, పదకొండు మంది కావాలి.

ఆ పదకొండు మందిని మనం పోగొట్టుకుంటున్నది ఇంటర్‌లో. ఐదంతస్తుల బిల్డింగే కాలేజీ. గ్రౌండ్ ఉండదు, ఆదివారం కూడా పరీక్షే. గ్రౌండ్ లేని కాలేజీకి గుర్తింపు ఎలా ఇస్తున్నారని ఏ ప్రభుత్వాన్నీ ఎవరూ గట్టిగా అడగరు. మా బంధువుల అమ్మాయి టెన్త్ దాకా జిల్లా జట్టులో వింగర్. ఇప్పుడు హాస్టల్లో ఉంది. మొన్న వాళ్లింటికెళ్తే అటక మీద కవర్లో ఆమె స్టడ్స్, అదే ఫుట్‌బాల్ బూట్లు, కనిపించాయి, అడుగున ఎండిన ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది. ‘ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నా’ అంది వాళ్లమ్మ.