లంక కోతకు లెక్కేది?

ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారంటే విజయవాడలో జనం కృష్ణమ్మను చూడ్డానికి ఎగబడతారు. అవే నీళ్లు దిగువన కొల్లూరు లంకలకు, అంటే ఏటి నడుమ ఒండ్రు దిబ్బలకు, చేరేసరికి అక్కడివాళ్లు గొడ్లను కరకట్ట మీదికి తోలుకుంటూ ఉంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కుల వరద 2009 నాటి రికార్డును దాటేసింది. ఇలాంటి వరద తర్వాత మునిగిన పంట రాసుకోవడానికి సిబ్బంది వస్తారు. పొలమే ఏట్లో కలిసిపోయిన రైతు ఏం రాయించుకోవాలి?

లంక నేల నది ఇచ్చిందే. ఒండ్రు పరుచుకోబట్టే పసుపు, కంద, అరటి అంత ఏపుగా వస్తాయి. కరకట్ట అవతల మాగాణికి కాలువ నీళ్లుంటాయి, రెండు కట్టల నడుమనున్న లంకకు ఎక్కువగా బోరే గతి. పైగా ఆ నేలకు నిలకడ లేదు. ప్రవాహం ఎదురు తగిలే ఎగువ కొన విరుగుతుంది, వేగం తగ్గే దిగువ కొనలో ఇసుక మేట వేస్తుంది. కోత ఎక్కువగా పడేది వరద తీసేటప్పుడు. నానిన గట్టు అంచున ముందు సన్నని పగులు కనిపిస్తుంది. అడుగున ఇసుక పొర జారిపోగానే పైనున్న ఒండ్రు నిలువునా విరిగి, గెలలున్న చెట్లతో సహా ఏట్లో పడుతుంది. శ్రీశైలం, సాగర్ కట్టాక ఒండ్రు చాలామటుకు పైనే ఆగిపోతోంది. ఇసుక తవ్వకాల సంగతి సరేసరి!

నది దారి మారి భూమి పోతే సాయం చెయ్యాలని కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో ఉంది. 2022లో సవరించిన ధర హెక్టారుకు 47,000 రూపాయలు, అంటే ఎకరాకు 19 వేలు. లంక పొలానికి అది ఏ మూలకు? ఆ కాస్తయినా రెవెన్యూ రికార్డుల్లో పేరున్న సన్న, చిన్నకారు రైతులకే. కౌలు రైతుకు అందులో చోటే లేదు. సాగు చేస్తున్నది తానేనని చూపే కౌలు కార్డు తెచ్చుకుందామన్నా యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందని యజమానికి టెన్షన్.

ఏటా వరదకు ముందు మే నెలలో, నీళ్లు తీశాక నవంబరులో లంకల గట్లను డ్రోన్లతో కొలవాలి. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు పోయిందో, సాగు చేస్తున్నదెవరో రాసి ఊరి సచివాలయంలో అంటించాలి. పరిహారం ధర పెంచమని కేంద్రాన్ని అడగాలంటే రాష్ట్రం చేతిలో ముందు ఈ కాగితం ఉండాలి.