భయానికి బూజు పట్టిన బంగ్లాయే కావాలా?

ఈ మధ్య నా ఫోన్‌కి పదేపదే వస్తున్న ఫార్వర్డ్ ఒకటుంది. హారర్ సినిమాలో భయపెట్టేది దెయ్యమూ సౌండూనేనట, బిల్డింగ్ వట్టి బ్యాక్‌గ్రౌండేనట. నమ్మకపోతే మ్యూట్‌లో చూడమంటారు. పాత బంగ్లా, చీకటి ఉంటే చాలట. ఎండా బీచూ అపార్ట్‌మెంట్లూ తప్ప ఏమీ లేని వైజాగ్‌లో హారర్ తీయడం దండగట. సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఇది పంపిస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు పాత బంగ్లా సంగతి. రామ్ గోపాల్ వర్మ 2003లో తీసిన 'భూత్' కథ నడిచేది ముంబైలో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో. అంతకు ఏడాది ముందు జపాన్‌లో వచ్చిన 'డార్క్ వాటర్'లో ఒక తల్లీ కూతురూ అద్దె ఫ్లాట్‌లో దిగుతారు. ఆ ఇంటి సీలింగ్ మీద నీటి మరక. అది పెరుగుతూ పోతుంది.

ఆ మరక ఎందుకు భయపెడుతుందో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఒక పాత అపార్ట్‌మెంట్. సముద్రపు ఉప్పుగాలికి శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడడం ఇక్కడ మామూలే. పోయిన వానాకాలంలో పడకగది సీలింగ్ మీద అరచేయంత చెమ్మ కనిపించింది. స్టూలెక్కి దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. నాలుగో రోజుకి మరక గీత దాటింది. పై ఫ్లాట్‌కి చూస్తే తాళం. పైపు కారుతోందని నాకు బాగా తెలుసు. అయినా లైటు ఆర్పాక కళ్లు అటే పోయేవి. మన ఇంట్లో మనకి కనపడేది ఇవతలి వైపే. శ్లాబు పైన, గోడ వెనక ఏముందో ఊహించుకోవాల్సిందే. 'డార్క్ వాటర్' దర్శకుడు వాడుకున్నది సరిగ్గా దాన్నే. దానికి వందేళ్ల బంగ్లా ఎందుకు?

చీకటి లేకపోతే భయం ఉండదనేవాళ్లు స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' (1980) మళ్లీ చూడండి. ఆ కథ నడిచే హోటల్లో చాలా భాగం దీపాలతో వెలిగిపోతూనే ఉంటుంది. మొదట్లో మేనేజర్ ఆఫీసు సీన్ గమనించండి. ఆయన వెనక కిటికీ, అందులోంచి పగటి వెలుతురు. కానీ ఆ గది హోటల్ మధ్యలో ఉంది, దాని వెనక నడవా ఉంది. అక్కడ బయటికి తెరుచుకునే కిటికీ ఉండడానికి వీల్లేదు. మొదటిసారి చూసినప్పుడు ఇది పట్టుకోలేం. ఈ హోటల్లో ఏదో లెక్క తప్పిందని మాత్రం మనసుకి తోస్తూనే ఉంటుంది.

ఇక మ్యూట్ పరీక్ష. సౌండ్ ముఖ్యం కాదని నేననను. కానీ అది ఎక్కడినుంచి పుడుతోంది? అదే సినిమాలో పిల్లాడు మూడు చక్రాల సైకిల్ తొక్కుతూ హోటలంతా తిరుగుతాడు. చెక్క నేల మీద గడగడ, తివాచీ మీదికి ఎక్కగానే నిశ్శబ్దం, మళ్లీ గడగడ. ఆ చప్పుడు నేలది, అంటే బిల్డింగ్‌దే. పోనీ మ్యూట్‌లోనే చూడండి. కెమెరా నేలకి ఆనుకున్నట్టు వాడి వెనకే పోతుంటే, ప్రతి మలుపు దగ్గరా ఊపిరి బిగబట్టకుండా ఉండగలరా?

చివరిది, వైజాగ్ మాట. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌లోకి మిట్టమధ్యాహ్నం వెళ్లండి. సుమారు 91 మీటర్ల పొడవు. లోపల లైట్లున్నాయి, జనం ఉన్నారు, బయట ముంతకింద పప్పు బళ్లున్నాయి. అయినా ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలో నడుం వంచి దూరాలి. ముందు తల వెళుతుంది, ఒళ్లింకా ఇవతలే ఉంటుంది. అవతల కుడిపక్కన ఎవరున్నారో, ఎడమపక్కన ఏముందో ఆ క్షణంలో కనపడదు. వెనక క్యూ ఉంటుంది కాబట్టి ఆగలేం, వెనక్కి రాలేం. కిందటిసారి మా అక్క కూతురు ఆ ద్వారం దగ్గర నా చొక్కా పట్టుకుని, "మావయ్యా, ముందు నువ్వెళ్లు" అంది. అప్పుడు లోపల దెయ్యమూ లేదు, మ్యూజిక్కూ లేదు.