సవరణ: సాల్వియాపై చట్టం అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో ఒకటి కాదు

భ్రాంతులు కలిగించే సాల్వియా డివినోరమ్ మొక్క గురించి మొన్న రాస్తూ, ‘అమెరికా అంతటా దీనికి అడ్డు లేదు’ అన్నాను. అది తప్పు. అక్కడి కేంద్ర ప్రభుత్వ మాదకద్రవ్యాల జాబితాలో దాని పేరు లేదన్నంతవరకే నిజం. అది చూసి, రాష్ట్రాల సంగతి చూడకుండానే రాసేశాను.

ఆ రాష్ట్రాల చట్టాలు ఇప్పుడు తీసి చదివాను. మిస్సోరీ 2005లో, ఫ్లోరిడా 2008లో దీన్ని హెరాయిన్ ఉండే మొదటి షెడ్యూల్లోకే, అంటే అన్నిటికంటే కఠినమైన నిషేధ జాబితాలోకే ఎక్కించాయి. కాలిఫోర్నియాలో 2009 నుంచి మైనర్లకు అమ్మితే నేరం. లూసియానాది వేరే దారి. 2005లో దాదాపు 40 మొక్కల పేర్లు రాసి, మనుషులు తీసుకోవడానికైతే నేరం, తోట అందానికైతే కాదు అంది. వినాయక చవితి పత్రిలో పెట్టే ఉమ్మెత్త ఆ జాబితాలో ఉంది. మన బిళ్ళగన్నేరు కూడా, వింకా రోజియా అనే పాత పేరుతో! దాన్ని ఎందుకు చేర్చారో నాకైతే అంతుపట్టలేదు.

ఇంకొకటి. పెరట్లో ఎర్రగా పూసే సాల్వియాను పీకేయాలా అని ఇద్దరు అడిగారు. అక్కర్లేదు, అది వేరే రకం. చియా గింజలిచ్చేదీ సాల్వియానే మరి. ఈ చట్టాల్లో ఉన్నది మెక్సికోలోని వహాకా కొండల్లో మజటెక్ తెగ వైద్యులు ఆకులు నమిలించే ఆ ఒక్క రకం, చాలాచోట్ల దాంతోపాటు అందులో భ్రాంతులు కలిగించే పదార్థం సాల్వినోరిన్-ఏ.

పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను.