కిట్ కొనిచ్చి చేతులు కట్టేస్తున్నాం

గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ వెళ్ళిన మన ఆంధ్రప్రదేశ్ శకటాలను ఓ మూడేళ్ళు వరసపెట్టి చూడండి. 2023లో కోనసీమ ప్రభల తీర్థం, అంటే వెదురుతో ఎత్తుగా కట్టిన ప్రభల ఊరేగింపు. 2024లో డిజిటల్ తరగతి గదులు. 2025లో ఏటికొప్పాక లక్క బొమ్మలు, దానికి మూడో స్థానం కూడా దక్కింది. ఒక ఏడాది వెదురు, ఒక ఏడాది టచ్ స్క్రీన్, ఆ పై ఏడాది అంకుడు కర్ర. ప్రభుత్వం మారినా ఒక్కటి మారలేదు. ఊరేగింపులో చూపించుకోవడానికి మనకి చేతిపని కావాలి, ఇంట్లో పిల్లాడు మాత్రం చేతికి మట్టి అంటించుకోకూడదు.

ఇప్పుడు రాజమండ్రి నుంచి భీమవరం దాకా ఏ స్కూలు ఫ్లెక్సీ మీద చూసినా సృజనాత్మకత అనే మాట ఉంటోంది. ప్లే స్కూల్లో ఆటపాటల చదువు అంటారు. అదే పిల్లాడు ఆరో తరగతికి వచ్చేసరికి అదే యాజమాన్యం ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో కూర్చోబెడుతుంది. డ్రాయింగ్ పీరియడ్ లెక్కల మాస్టారిది అయిపోతుంది. ఆ సంగతులన్నీ మీకు తెలిసినవే, మళ్ళీ ఏకరువు పెట్టను. నేను చెప్పదలచింది వేరు. ఈ గోదావరి డెల్టాలో పిల్లల ఊహాశక్తి బొమ్మలు లేక, ల్యాబులు లేక, కిట్లు లేక ఎండిపోవడం లేదు. వాళ్ళ చేతులకు మనం పని ఇవ్వడం లేదు. ఎందుకివ్వడం లేదంటే, చేతిపని అంటే మనకి చిన్నచూపు. ఆ చిన్నచూపు పోకుండా ఎన్ని లక్షల సామాను కొన్నా బీరువాలోనే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో తాటిచెట్లున్న ఏ ఊరికైనా వెళ్ళండి. ముంజెలు తినేశాక మిగిలిన కాయల్లో రెండింటిని ఏరి, మధ్యలో పుల్ల గుచ్చి, చివర పంగ ఉన్న పొడుగాటి కర్రతో తోసుకుంటూ పోతే అది ముంజికాయల బండి. చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి ఒక పూట. కాయలు రెండూ ఒకే సైజులో లేకపోతే బండి చిన్న చక్రం వైపు లాగేస్తుంది. పుల్ల నడిమధ్యన దిగకపోతే ఎగిరెగిరి పడుతుంది. పుల్ల మరీ పచ్చిదైతే వంగుతుంది, బాగా ఎండిందైతే పటుక్కుమంటుంది. పంగ ఇరుకైతే పుల్ల తిరగదు, వెడల్పైతే మలుపులో బండి జారిపోయి మురుక్కాలవలో పడుతుంది. నాలుగు రోజులకి కాయ వాడిపోయి చిల్లు వదులవుతుంది, మళ్ళీ కొత్త కాయలు వెతుక్కోవాలి. ఇందులో ఒక్కటీ ఎవరూ చెప్పరు. పక్కవాడి బండి ఎందుకు తిన్నగా పోతోందో, తనది ఎందుకు పోవడం లేదో చూసి తెలుసుకోవాల్సిందే.

డిజైన్ అంటే ఇదే. చేసి చూడటం, ఎక్కడ చెడిందో కనిపెట్టడం, మార్చి మళ్ళీ చెయ్యడం. దీన్నే ఇంజనీరింగ్ కాలేజీల్లో డిజైన్ థింకింగ్ అని పేరుపెట్టి, ప్రొజెక్టర్ వేసి, రంగురంగుల కాగితాలు గోడకి అంటించి నేర్పుతున్నారు. ఎనిమిదేళ్ళప్పుడు ఉచితంగా వచ్చేదాన్ని ఆపేసి ఇరవై ఏళ్ళప్పుడు ఫీజు కట్టి నేర్పించుకుంటున్నాం.

కొబ్బరాకు బూర కూడా అంతే. ఆకు చుట్టేకొద్దీ బూర పొడుగై, మూతి వెడల్పై, ధ్వని లావెక్కుతుంది. చుట్టు ఊడిపోకుండా ఎక్కడ ముల్లు గుచ్చాలి, ఊదే చోట ఎంత సందు ఉంచాలి అన్నది పిల్ల తన పెదవులతోనే తేల్చుకుంటుంది. తాటాకు గిరక, అరటి డొప్ప పడవ, కొబ్బరి ఈనెల విల్లు, అన్నిటిదీ ఇదే దారి. ఇక వానాకాలంలో వీధిలో నీళ్ళు పారుతుంటే మట్టితో గట్టు కట్టడం, తెగిన చోట కొబ్బరి డొక్క అడ్డం పెట్టడం, పక్కకి చిన్న పాయ తవ్వి నీళ్ళు మళ్ళించడం. అదసలు డెల్టా పిల్లల సొంత ఆట. కాలవలూ లాకులూ మధ్య పెరిగే పిల్లలకి దాని గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఇది పాతరోజుల బెంగ అని కొట్టేసేవాళ్ళ కోసం రెండు బయటి సంగతులు. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో, కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో తుక్కు సామానుతో ఒక ఆటస్థలం తెరిచారు. సోరెన్‌సెన్ అనే ఉద్యానవన శిల్పి ఆలోచన అది. తాను గీసిన చక్కటి పార్కుల్లో కన్నా, ఇళ్ళు కడుతున్న చోట పడేసిన చెక్కలూ ఇటుకలతో పిల్లలు ఎక్కువ ఆడుతున్నారని ఆయన గమనించాడు. 1971లో బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ దాన్నే సిద్ధాంతంగా రాశాడు. చుట్టూ కదిలించగల, కలపగల, విడదీయగల విడివస్తువులు ఎన్ని ఎక్కువుంటే మనుషుల్లో కనిపెట్టే గుణం అంత ఎక్కువ పనిచేస్తుందన్నది ఆయన వాదన. విడివస్తువుల కోసం అక్కడ తుక్కు తోలించారు. మన కొబ్బరితోటలో రోజూ ఉదయం అవే రాలి పడుంటాయి. మనం వాటిని ఊడ్పించి, ఆన్‌లైన్‌లో యాక్టివిటీ కిట్ ఆర్డర్ పెడుతున్నాం.

ఆ కిట్ పెట్టె మీద పూర్తయిన బొమ్మ ఫొటో ఉంటుంది. పిల్లాడు దాన్ని చూసి అచ్చం అలాగే బిగించాలి. బిగించాడా, పాస్. వేరేగా బిగించాడా, తప్పు. అది మరో హోంవర్కు, కాకపోతే ప్లాస్టిక్‌తో చేసింది. పిల్లలు బళ్ళోనే సొంతంగా పరికరాలు చేసి చూడాలని కేంద్రం పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వస్తున్నాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్ళలో మరో 50 వేల ల్యాబులన్నారు. మంచిదే, వద్దనను. కానీ సామాను విరిగితే జవాబు చెప్పాలని భయపడే బడిలో ఆ గది తాళం ఎవరి జేబులో ఉంటుందో, తనిఖీ రోజు తప్ప ఎప్పుడు తెరుస్తారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ముగ్గు సంగతి మరీ అన్యాయం. ధనుర్మాసంలో చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, చేయి ఎత్తకుండా మొదలెట్టిన చోటికే గీత తెచ్చి కలిపే ఆడపిల్ల బుర్రలో ఎంత రేఖాగణితం నడుస్తుందో ఎవరైనా మార్కులేశారా? రెండు చుక్కల సందులో పెట్టే సందు చుక్కకి ఒక లెక్క, వరసకి వరస తిన్నగా పెట్టే చుక్కకి ఒక లెక్క. ఒక వరస తప్పితే మూల కలవదు, మధ్యలో సర్దుకోవాలి. ఆ సర్దుబాటులోనే కొత్త ముగ్గు పుడుతుంది. ఇప్పుడు రోలర్లూ స్టిక్కర్లూ వచ్చేశాయి. ముగ్గుల పోటీలైతే ఉన్నాయి, వాటిలో ఫోన్లో వెతికిన డిజైన్‌కి రంగులు నింపడమే ఎక్కువ.

ఇక అవతలివాళ్ళ మాట. కాలవలున్నాయి, పిల్లలు పడిపోతారు. రోడ్ల మీద బళ్ళు. పోటీ పరీక్షలకి పొలం గట్ల మీద ఆడినవాడికి సీటు రాదు. అన్నిటికన్నా గట్టి మాట, బొమ్మ కొనలేని ఇంట్లో పిల్లాడు ముంజికాయతో ఆడితే దాన్ని కళ అనడం పేదరికానికి రంగులు పూయడమే అన్నది. ఈ చివరి మాటలో నిజముంది కాబట్టే నేను పేద పిల్లల గురించి రాయడం లేదు. మూడు ప్లాస్టిక్ బుట్టల నిండా బొమ్మలున్న ఇంటి పిల్లల గురించి రాస్తున్నాను. కాలవ భయం నిజమే. దానికి మందు ఈత, ఇంటి నాలుగ్గోడలు కాదు. సీటు విషయానికొస్తే, ఆడినవాళ్ళకి రాదని తేల్చిన పరిశోధన ఏదీ నేనైతే చూడలేదు.

అసలు విషయం ఇవేవీ కాదు. చెక్క ముక్క, చాకు పట్టుకుని అరుగు మీద కూర్చున్న పిల్లాడితో మన ఇళ్ళల్లో అనే మాట గుర్తుచేసుకోండి. "ఇలాగే చెక్కుకుంటూ కూర్చో, రేపు వడ్రంగం చేసుకుని బతుకుదువుగాని." మట్టితో ఆడితే కుమ్మరి పేరు, తోలు ముట్టుకుంటే మరో పేరు. పిల్లాడు చేసినదాన్ని తిట్టడానికి మనకి దొరికే మాటలన్నీ కులవృత్తుల పేర్లే. వేలు తెగుతుందన్న భయం పైకి చెప్పేది. లోపల ఉన్నది, చేతులతో పనిచేసేవాడు కిందివాడన్న లెక్క. పిల్లలు ఈ లెక్క చాలా త్వరగా నేర్చుకుంటారు, ఎక్కాల కన్నా ముందే.

ఈ జబ్బు కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం ప్రతిపాదించారు. చేతివృత్తిని పక్క సబ్జెక్టుగా కాకుండా చదువంతటికీ నడిమధ్యన పెట్టాలన్నది దాని సారం. బేసిక్ స్కూళ్ళు వచ్చాయి, రాట్నాలు వచ్చాయి. చదువుకున్నవాళ్ళు తమ పిల్లల్ని మాత్రం వాటిల్లో వెయ్యలేదు. అది కూలివాళ్ళ చదువు అనుకున్నారు. అంతటితో దాని కథ అయిపోయింది.

ఇక మన డెల్టా కథని ఇంకో వైపు నుంచి చూడండి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర పేరు ఇంటింటా తెలుసు, విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో కావేరి మీద పూర్వం ఆనకట్ట కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆ కాటనే రాశాడు. పుస్తకం తెలియని, పేరు మిగలని చేతుల విద్య అది. మనం తింటున్న రెండు పంటల అన్నం ఆ ఇసుక తెలివి మీద నిలబడి ఉంది. ఇసుకలో ఆడుతున్న పిల్లాణ్ణి చెవి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళడానికి మాత్రం మనకి సందేహం ఉండదు.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు కథ కూడా అలాంటిదే. కుర్రాడి చేతిలో బొమ్మలు గీసే విద్య ఉందని గుర్తించి నిలబెట్టింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, ఒక ఇంగ్లీషువాడు. రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి, తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండా పోయాడు. ఇప్పుడా ఊళ్ళో ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. పక్క వీధుల్లో కోచింగ్ సెంటర్లకి వెళ్ళే పిల్లల్లో దాని గుమ్మం ఎక్కినవాళ్ళు ఎందరో అడిగి చూడండి.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరం గర్వపడ్డాం. క్రోషే సూదితో అరుగు మీద కూర్చుని ఒక్కో గొలుసూ అల్లే ఆ ఆడవాళ్ళని ఏ బడైనా పిలిచి, "అమ్మా, మా ఏడో తరగతి పిల్లలకి ఒక డిజైన్ ఎలా పుడుతుందో చూపించండి" అని అడిగిందా? కడియం నర్సరీల్లో మొక్కలని ఏనుగులుగా, నెమళ్ళుగా మలిచే మాలీలని? తాళ్ళరేవు వైపు చెక్క పడవలు కట్టే మేస్త్రీలని? సంక్రాంతికి కోనసీమలో జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ ప్రభలొస్తాయి. అంత ఎత్తు వెదురు కట్టడాన్ని భుజాల మీద మోస్తూ, వరిచేలల్లోంచి నడిచి, కౌశిక నది నీళ్ళల్లో దిగి ఒరిగిపోకుండా దాటించేలా కట్టే వాళ్ళకి తెలిసిన బరువు లెక్క ఏ సివిల్ ఇంజనీరుకీ తీసిపోదు. పెద్ద ప్రభ కడుతుంటే పక్కన పిల్లలు పుల్లలతో, పాత చీర ముక్కలతో బుల్లి ప్రభ కట్టుకుంటారు. డెల్టాలో మిగిలిన అసలైన డిజైన్ స్కూల్ అదొక్కటేనని నా అభిప్రాయం. అది ఏడాదికి ఒక్క పండక్కే తెరుస్తారు.

హాస్యమేమిటంటే కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట సామాను తరగతి తరగతికీ ఇవ్వాలంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు సంచి లేకుండా పిల్లలు స్థానిక వడ్రంగులు, తోటమాలీలు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని పేర్లు పెట్టి మరీ రాసింది. శనివారాల్లో నో బ్యాగ్ డే అని రాష్ట్రమూ అంటోంది. ఆ శనివారం చాలా బళ్ళల్లో క్విజ్‌తోనో, స్పీచ్‌తోనో, వాట్సాప్‌లో పెట్టే ఫొటోతోనో ముగుస్తోంది. సంచి లేదు, అంతే. చేతులు మళ్ళీ ఖాళీనే.

కాబట్టి కొత్త పథకమేమీ అడగడం లేదు. ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ర్యాంకు షీటు చూశాక ఒక్క నిమిషం ఆగి, శనివారం పిల్లలకి ఏ పనివాడు వచ్చి ఏం చూపించాడని హెడ్మాస్టర్ని అడగండి. ఎవరూ రాలేదంటే ఊళ్ళో వడ్రంగి మేస్త్రి ఫోన్ నంబరు మీరే ఇవ్వండి. ఆయన పని మానుకుని వస్తాడు గనక రోజు కూలి లెక్కన కాకుండా గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చినంతా ఇవ్వాలి, పిల్లల చేత మాస్టారూ అని పిలిపించాలి. స్టాఫ్ రూములో ఆయనకో కుర్చీ, మిగతా మాస్టార్లతో పాటు అదే కప్పులో టీ. మీ అబ్బాయి వేలికి ఆ సాయంత్రం చిన్న గాటు పడి ఇంటికొస్తే ఫిర్యాదు రాయకండి.