నోబెల్ శాంతి పతకం గారికి ఒక బైండోవర్ మనిషి విన్నపం

మహారాజశ్రీ నోబెల్ శాంతి పతకం గారి దివ్య సముఖానికి,

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం నుంచి ఒక వెనామీ రొయ్యల రైతు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించే కాస్త టెన్షన్‌గా ఉంది. 2025 అక్టోబరులో తమర్ని వెనెజువెలా ప్రతిపక్ష నాయకురాలు మచాడో గారికి ప్రకటించారని విన్నాం, సంతోషించాం. తీరా సంక్రాంతి రోజుల్లో చూస్తే తమరు ఫ్రేములో బిగించుకుని వైట్ హౌస్‌లో ట్రంప్ గారి పక్కన ఉన్నారు. ఆవిడే తీసుకెళ్ళి ఇచ్చిందట. 2026 జనవరి 3న ఆయన సైన్యం ఆవిడ దేశం మీద దాడి చేసి, అధ్యక్షుడు మదురోని భార్యతో సహా ఎత్తుకుపోయింది. రెండు వారాలు తిరక్కుండానే శాంతి పతకం చేతికొచ్చింది. పతకం చేతులు మారొచ్చు గానీ గ్రహీత పేరు మారదని ఓస్లోలోని నోబెల్ కమిటీ వాళ్ళు వివరణ ఇచ్చుకున్నారు పాపం. మా నెల్లూరు ఆచారి వీధిలో అడిగితే 196 గ్రాముల 18 క్యారెట్ల బంగారానికి విలువ కడతారు. ఆ గ్రహీత పేరుకి మాత్రం వాళ్ళ దగ్గర కాటా లేదు.

ఇక నా సంగతి. తమరు వైట్ హౌస్‌కి వెళ్ళిన వారంలోనే నేను తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాను, బైండోవర్‌కి.

డిసెంబరులో మా చెరువులో రొయ్యల పట్టుబడి. ముందురోజు రాత్రి కంపెనీ ఏజెంటు ఫోన్లో రేటు ఖాయం చేశాడు. తెల్లవారుజామున వల లాగారు, కాటా పెట్టారు, కిలోకి ఎన్ని రొయ్యలో కౌంట్ చూశారు, సరుకు ఐసు బాక్సుల్లోకి ఎక్కింది. అప్పుడు ఆ మహానుభావుడు సెల్లు చెవి మీద నుంచి దించి, "అన్నా, కిలోకి ముప్పై తగ్గుద్ది. అమెరికా సుంకం. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. రాత్రే ఆ ముక్క చెప్పి ఉంటే పట్టుబడి ఆపుకునేవాణ్ణి. పట్టిన రొయ్యని మళ్ళీ చెరువులో వదలలేం, ఆ సంగతి వాడికి నాకంటే బాగా తెలుసు. కాలరు పట్టుకున్నాను. నలుగురూ విడదీశారు. సరుకు ముప్పై తక్కువకే వ్యాను ఎక్కింది. అతను నేరుగా స్టేషనుకి పోయాడు.

బైండోవర్ అంటే ఏందో తమరికి తెలియకపోవచ్చు. పాత చట్టంలో సెక్షన్ 107, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 126. శాంతికి భంగం కలిగిస్తాడని అనుమానమున్న మనిషి చేత, ఏడాది పాటు బుద్ధిగా ఉంటానని తహసీల్దారు గారి ముందు బాండు రాయిస్తారు. సంక్రాంతికి ముందు కోడిపందేల వాళ్ళని రాయించే లిస్టులోనే నా పేరూ తోశారు. అయితే సారు ఖాళీగా లేక మమ్మల్ని పిలిచింది పండగ వెళ్ళిపోయాక. పందేలు ఆడి, గెలిచినవాడు గెలిచి, కూర వండుకుని తిన్నాక, పందేలు ఆడబోమని అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. అది వేరే లేఖ.

ఇద్దరు జామీనుదారులు, వాళ్ళ ఆధార్ జెరాక్సులు, పాసుపుస్తకం జెరాక్సు, రెండు ఫోటోలు. సారు వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారన్నారు. మధ్యాహ్నం పోయింది. కరెంటు పోయి జెరాక్సు షాపు ఆగింది. జామీనుగా తెచ్చుకున్న మా బావమరిదికి చెరువు దగ్గర్నుంచి ఫోను, నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు ఆగిపోయాయి, జనరేటరులో డీజిల్ లేదని. వాడు బండెక్కి పోయాడు. మళ్ళీ తెచ్చేసరికి సాయంత్రమైంది. "మాట తప్పితే బాండు డబ్బు మొత్తం కట్టాలి, అర్థమైందా?" అని గుమస్తా అడిగాడు. అర్థమైందన్నాను. ఆ బెంచీ మీద కూర్చునే సెల్లులో తమరి ఫోటో చూశాను. ఒక పక్క తమరు, ఒక పక్క నా బాండు.

అయ్యా, ఒక్క కాలరు పట్టుకున్న వాడికి ఇద్దరు జామీనుదారులు కావాలి. దేశాల మీద బాంబులు వేసినవాళ్ళకి ఎంతమందిని అడుగుతున్నారు తమరు?

ఇంకో చిత్రం చూడండి. నా రొయ్యని దెబ్బకొట్టిన సుంకం శాంతి కోసం వేసిందే! 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం వేశారు. రష్యా దగ్గర చమురు కొంటున్నాం కాబట్టి ఉక్రెయిన్ యుద్ధం ఆగడం లేదని ఆగస్టు 27న ఇంకో 25 శాతం వేశారు. అప్పటికి మొత్తం 50 అయింది. మరీ చవగ్గా అమ్ముతున్నామని రొయ్యల మీద వేసిన పాత యాంటీ డంపింగ్ సుంకాలు అదనం. అంటే ఎక్కడో ఉక్రెయిన్‌లో శాంతి రాకపోవడానికి ఇక్కడ పెన్నా పక్కన నా చెరువులో వెనామీ అడ్డం పడిందన్నమాట. యుద్ధం చేస్తున్నది పుతిన్, సుంకం వేసింది ట్రంప్, బైండోవర్ అయింది నేను. భారత్, పాకిస్తాన్ గొడవని కూడా వ్యాపారం పేరు చెప్పి బెదిరించి తానే ఆపానని ఆయన చెప్పుకుంటూనే ఉన్నారు. మన ప్రభుత్వం కాదంటూనే ఉంది.

తమరి పూర్వ చరిత్ర తిరగేస్తే ఇదంతా కొత్తేమీ కాదని తెలుస్తుంది. 1906లో రష్యా, జపాన్‌లకి సంధి చేసినందుకు అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కి వెళ్ళారు, అదే సమయంలో ఆయన సైన్యం ఫిలిప్పీన్స్‌లో ఏం చేస్తోందో అడక్కుండా. 2009లో ఒబామాకి. కుర్చీ వేడెక్కక ముందే, అంటే పదవి చేపట్టి రెండు వారాలు తిరగక ముందే నామినేషన్ల గడువు అయిపోయింది. డిసెంబరు 1న అఫ్గానిస్తాన్‌కి ఇంకో 30,000 మందిని పంపుతున్నానని చెప్పి, 10న ఓస్లో వచ్చి తమర్ని మెళ్ళో వేసుకున్నంత పని చేశాడు. 2019లో ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్‌కి వెళ్ళారు. ఏడాది తిరక్కుండానే ఆయన దేశంలోనే, టిగ్రేలో యుద్ధం.

వీళ్ళందరినీ వదిలేస్తాను. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్‌ని మాత్రం వదలలేను.

1972 డిసెంబరు. క్రిస్మస్ పండగ రోజుల్లో ఉత్తర వియత్నాంలోని హనోయ్ మీద, హైఫాంగ్ మీద అమెరికా బీ-52 విమానాలు రోజుల తరబడి బాంబులు కురిపించాయి. 1973 జనవరి 27న పారిస్‌లో యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు. ఆ తర్వాత కూడా కంబోడియా మీద బాంబులు ఆగస్టు దాకా పడుతూనే ఉన్నాయి. అక్టోబరులో తమరి కమిటీ కిసింజర్‌కీ, ఉత్తర వియత్నాం తరఫున మాట్లాడిన లె డుక్ థోకీ కలిపి బహుమతి ప్రకటించింది. లె డుక్ థో వద్దన్నాడు, శాంతి ఇంకా రాలేదన్నాడు. కమిటీలో ఉండేదే ఐదుగురు, అందులో ఇద్దరు రాజీనామా చేశారు. కిసింజర్ ఓస్లోకి వెళ్ళనే లేదు, రాయబారిని పంపి తీసుకున్నాడు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తరం వాళ్ళ చేతికి పడిపోయింది. అప్పుడాయన, పుణ్యానికి, బహుమతి తిరిగిచ్చేస్తానన్నాడు. తమరి వాళ్ళు ఏమన్నారు? తీసుకోం అన్నారు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే పద్ధతి లేదట!

బాంబులు పడ్డవాడు వద్దన్నాడు. వేసినవాడు తిరిగిస్తానన్నాడు. పట్టుబట్టి ఉంచుకోమన్నది మాత్రం నువ్వు. అవును, నువ్వే. ఇంక గారూ లేదు, తమరూ లేదు. మా మండలంలో బాండు తప్పితే డబ్బు కట్టించుకుంటారు. ఓస్లోలో మాట తప్పినవాడు తిరిగిస్తానన్నా తీసుకోరు. నిన్ను ఏ ధర్మకాటా మీద తూచాలి?

యుద్ధం చేయగలిగినవాడే యుద్ధం ఆపగలడని నీ తరఫు వాళ్ళంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. 1978లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌లకి ఇచ్చావు, ఇద్దరూ పాత యుద్ధ నాయకులే. ఆ మరుసటి ఏడు ఈజిప్టు, ఇజ్రాయెల్ చేసుకున్న సంధి నేటికీ నిలిచింది. సాదత్‌ని 1981లో సొంత సైనికులే కాల్చి చంపారు. 1994 బహుమతి తీసుకున్న ఇజ్రాయెల్ ప్రధాని రబిన్‌ని మరుసటి ఏడాది సొంత దేశస్థుడే చంపాడు. శాంతి కోసం తన మనుషుల చేతిలోనే చావడానికి సిద్ధపడ్డ నాయకుడికి ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. కానీ అదే బెగిన్ 1982లో లెబనాన్ మీదకి సైన్యాన్ని పంపాడు. అప్పుడు నిన్ను అడిగే దిక్కు లేదు.

అసలు చేతిలో సైన్యమే లేనివాడి సంగతేంది? 1921 ఏప్రిల్‌లో మా మండలంలోనే, పెన్నా ఒడ్డున పల్లిపాడులో, గాంధీ గారు ఆశ్రమం ప్రారంభించారు. మా ఇంటి నుంచి సైకిలు మీద పోయిరావచ్చు. ఆయన్ని 1937, 38, 39, 47, 48 సంవత్సరాల్లో ఐదుసార్లు నామినేట్ చేస్తే ఒక్కసారి కూడా నువ్వు కదల్లేదు. 1948 జనవరిలో ఆయన్ని చంపేశారు. ఆ ఏడు, బతికున్నవాళ్ళలో తగినవాళ్ళు లేరని ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఆశ్రమం గేటు దగ్గర నిలబడి ఈ మాట నీకు చదివి వినిపించాలని ఉంది. గాంధీ ఒక్క యుద్ధం మొదలుపెట్టి, దాన్ని మధ్యలో ఆపి ఉంటే ఎప్పుడో ఇచ్చేదానివి.

ఇప్పుడైతే అడిగి తీసుకునే రోజులొచ్చాయి. 2025 జూన్‌లో పాకిస్తాన్ ట్రంప్‌కి నామినేషన్ ప్రకటించింది. మరునాడే అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. అదే పాకిస్తాన్ ఖండన ప్రకటన కూడా ఇచ్చింది. జులైలో నెతన్యాహు వైట్ హౌస్ విందులో నామినేషన్ లేఖ చేతికిచ్చాడు, తన మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారంటు ఉండగానే. మా దగ్గర వారంటు ఉన్నవాడు జామీనుగా కూడా పనికిరాడు! ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కూడా డిసెంబరులో సొంతంగా ఒక శాంతి బహుమతి పుట్టించి ఆయనకే ఇచ్చింది. చాల్లేదు. 2026 జనవరిలో నార్వే ప్రధానికి సందేశం పంపాడు: నోబెల్ ఇవ్వలేదు కాబట్టి ఇకమీద శాంతి గురించే ఆలోచించాల్సిన పని తనకు లేదని. గొడవంతా గ్రీన్‌లాండ్ తనకి కావాలని. బహుమతి ఇచ్చేది ప్రభుత్వం కాదు మొర్రో అని ఆ ప్రధాని చెప్పుకోవాల్సి వచ్చింది. నేను ఏజెంటుతో "రేటు ఇవ్వకపోతే నా శాంతికి నేను జవాబుదారీ కాదు" అని ఉంటే ఎస్సై గారు బైండోవర్‌తో సరిపెట్టేవారా?

నీ మీద నాకు పూర్తిగా అసహ్యం లేదు. 2021లో నిన్ను అందుకున్న రష్యా సంపాదకుడు మురతోవ్, మరుసటి ఏడాది నిన్ను వేలం వేశాడు. పది కోట్ల ముప్పై ఐదు లక్షల డాలర్లు వచ్చాయి. అంతా ఉక్రెయిన్ శరణార్థి పిల్లలకి ఇచ్చేశాడు, తన దేశం తరిమిన పిల్లలకి. ఆ వార్త చదివిన రోజు నీకు దండం పెట్టాను.

నామినేషన్ల గడువు ఏటా జనవరి 31తో అయిపోతుందట. పార్లమెంటు సభ్యులెవరైనా పంపొచ్చట, అంటే మా ఎంపీ గారు కూడా. ఎవరు పంపినా, యుద్ధం నడుపుతున్న మనిషి పేరు వస్తే మాత్రం ఇద్దరు జామీనుదారుల్ని అడుగు. ఒకరు ఆయన బాంబు వేసిన ఊరి మనిషి అయ్యుండాలి. ఏడాది బాండు రాయించు. తప్పితే పతకం, డబ్బు రెండూ కక్కించు. ఆధార్ లేదంటే ఆ దేశంలో ఏది నడిస్తే అదే, రెండు కాపీలు. జెరాక్సు మాత్రం ముందురోజే తీసి పెట్టుకోమను, కరెంటుని నమ్ముకోవద్దను.

ఇట్లు,
ఒక వెనామీ రైతు,
ఇందుకూరుపేట మండలం