ఈ ప్రయోగానికి అనుమతి ఎవరిచ్చారు?

మనుషుల మీద ఏ ప్రయోగం చేయాలన్నా సైకాలజీలో ముందు ఎథిక్స్ కమిటీ గడప తొక్కాలి. పాల్గొనేవాళ్లకు సంగతి ముందే చెప్పారా, మోసమేమైనా ఉందా, నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లొచ్చా, అంతా అయ్యాక కూర్చోబెట్టి అసలు విషయం వివరిస్తారా అని కమిటీ అడుగుతుంది. పది నిమిషాలపాటు పదాల జాబితా చదివించి అప్పజెప్పించుకునే బుల్లి ప్రయోగానికి కూడా ఈ తతంగం తప్పదు. అలాంటిది, ఏటా 70 వేల మందికి పైగా పిల్లల మీద రెండేళ్లపాటు నడిచే ఒక భారీ ప్రయోగం ఇంగ్లండులో ఏ కమిటీ ముద్రా లేకుండా సాగిపోతోంది. దాని పేరు ఏ-లెవెల్ సైకాలజీ. లెక్కల తర్వాత అక్కడ ఎక్కువమంది రాసే సబ్జెక్టు ఇదే. రాసేవాళ్లలో నలుగురికి దాదాపు ముగ్గురు అమ్మాయిలు, అంటే శాంపిల్ మొదట్లోనే ఒక పక్కకి ఒరిగింది. ఎవరూ పిలవకపోయినా కమిటీ బాధ్యతను ఈ కాలమ్ తన భుజాన వేసుకుంటోంది.

ఏ-లెవెల్ అక్కడి ఇంటర్ లాంటిది, అది చెప్పే సిక్స్త్ ఫామ్ కాలేజీ అంటే మన ఇంటర్ వయసు చదువే. కాకపోతే ఎంపీసీ, బైపీసీ అని కట్టగట్టి చేతిలో పెట్టరు. సాధారణంగా మూడు సబ్జెక్టులు విడివిడిగా ఏరుకోవాలి. ఆ ఏరుకోవడం, చేరబోయే పిల్లలకు కాలేజీ తన సబ్జెక్టులు చూపించే ఓపెన్ ఈవెనింగ్ అనే పెళ్లిచూపుల్లో జరుగుతుంది. మోసం అనే అంశాన్ని కమిటీ పరిశీలించాల్సింది ఇక్కడే.

కెమిస్ట్రీ బల్ల మీద రంగు మారే ద్రవాలుంటాయి. సైకాలజీ బల్ల మీద విడదీసి మళ్లీ అతికించే ప్లాస్టిక్ మెదడు, పక్కన ‘ఆకుపచ్చ’ అనే మాటను ఎర్ర సిరాతో అచ్చేసిన చార్టు. సిరా రంగు చెప్పబోయి పిల్ల తడబడుతుంది, వెనక నిలబడ్డ తండ్రి తనూ ప్రయత్నించి తడబడతాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. గోడ మీద సీరియల్ కిల్లర్ పోస్టరు. పిల్లకి పెళ్లికొడుకు నచ్చాడు. హంతకుల మనసు చదివే విద్య రెండేళ్లలో చేతికొస్తుందని ఖాయం చేసుకుని సంతకం పెట్టేస్తుంది.

ఇల్లు ఎలా ఉంటుందో కాపురానికి వెళ్లాక తెలుస్తుంది. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు 2015 సెప్టెంబరులో మొదలుపెట్టిన సిలబస్సునే చూడండి. పరీక్ష మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, 96 మార్కులు. హంతకులు మూడో పేపర్లో ఒక మూల ఉంటారు. ఉంటే! ఫోరెన్సిక్ (నేరాలు), అగ్రెషన్ (దూకుడు), అడిక్షన్ (వ్యసనం) మూడింట్లో ఒకటే చెబుతారు, ఆ ఒకటి ఏదో తేల్చేది డిపార్ట్‌మెంటు. హంతకుల కోసం వచ్చిన పిల్లకి సిగరెట్టు మానిపించే నికోటిన్ ప్యాచ్ దక్కితే అది ఆమె గ్రహచారం. ఓపెన్ ఈవెనింగులో ఎవరి పోస్టరూ ఎక్కనిది మాత్రం రెండో పేపర్లో సగం, అంటే 48 మార్కులు, కూర్చుని ఉంటుంది. అదే రీసెర్చ్ మెథడ్స్, పరిశోధన ఎలా చేయాలో చెప్పే భాగం. మొత్తం మార్కుల్లో కనీసం పది శాతం లెక్కలకే పోవాలని నియమం. లెక్కలంటే భయపడి సైకాలజీలోకి పారిపోయి వచ్చినవాళ్లకు స్టాండర్డ్ డీవియేషన్ గుమ్మంలోనే ఎదురై నీళ్లిస్తుంది.

ఈ లెక్కల కాపురం ఎంత సున్నితమో దగ్గర్నుంచి చూద్దాం. ఫోను పక్కగదిలో పెడితే జ్ఞాపకం మెరుగవుతుందా అని 12 మంది పిల్లల్ని రెండుసార్లు పరీక్షించారనుకోండి, ఒకసారి ఫోనుతో, ఒకసారి ఫోను లేకుండా. తొమ్మిది మందికి మార్కులు పెరిగాయి, ఇద్దరికి తగ్గాయి, ఒకరికి అలాగే ఉన్నాయి. దీనికి సైన్ టెస్ట్ వాడతారు. పెరిగినవాళ్లకు ప్లస్, తగ్గినవాళ్లకు మైనస్. తక్కువసార్లు వచ్చిన గుర్తును లెక్కపెడితే అది ‘ఎస్’, ఇక్కడ 2. మార్పు లేని పిల్లాణ్ని లెక్కలోంచి తీసేయాలి, కాబట్టి మిగిలింది 11 మంది. ఎస్ ఎంత దాకా ఉంటే తేడా కాకతాళీయం కాదనొచ్చో చెప్పే పట్టిక ఒకటుంటుంది, అందులో 11 ఎదురుగా 0.05 గడి (తేడాయేమీ లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం నూటికి ఐదు) చూడాలి. ‘ఫోను లేకపోతే మార్కులు పెరుగుతాయి’ అని ముందే దిక్కు చెప్పి ఉంటే అక్కడ 2 ఉంటుంది, మన ఎస్ దానికి సమానం కనుక ఫలితం నిలబడింది. ‘ఏదో ఒక తేడా ఉంటుంది’ అని గోడమీద పిల్లిలా రాసి ఉంటే అక్కడ 1 ఉంటుంది, ఫలితం కూలిపోయింది. పిల్లలు వాళ్లే, ఫోన్లు అవే, మారింది వాక్యం. ఇంకో విచిత్రం, ఆ పన్నెండోవాణ్ని తీసేయడం మర్చిపోయి 12 ఎదురుగా చూస్తే రెండు గడుల్లోనూ 2 కనిపిస్తుంది. అంటే మతిమరుపు వల్ల కూలిపోయిన ఫలితం లేచి కూర్చుంటుంది. ఏ మార్పూ రాని ఒక్క కుర్రాడు సైన్సును అటూ ఇటూ తిప్పగలడన్నమాట. పరీక్ష హాల్లో ఏటా అదే జరుగుతుంది.

ఏ డేటాకి ఏ టెస్టో గుర్తుపెట్టుకోవడానికి అక్కడి పిల్లలకు ఒక మంత్రం ఉంది, ‘క్యారట్స్ షుడ్ కమ్ మ్యాష్డ్ విత్ స్వీడ్ అండర్ రోస్ట్ పొటేటోస్’, అంటే క్యారట్లు స్వీడ్ దుంపతో మెదిపి, వేయించిన బంగాళాదుంపల కింద పెట్టాలి. మొదటి అక్షరాలు వరసగా కై-స్క్వేర్డ్, సైన్, మళ్లీ కై-స్క్వేర్డ్, మాన్-విట్నీ, విల్కాక్సన్, స్పియర్‌మన్, అన్‌రిలేటెడ్ టీ, రిలేటెడ్ టీ, పియర్సన్. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గడులు గీసి నింపుకోవాలి. మనసు రహస్యాలు నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల పరీక్ష హాల్లో కూర్చోగానే మొట్టమొదట రాసుకునేది కూర వండే విధానం. దీనికి తోడు ఇంకో సూత్రం, టెస్టు ఇంగ్లిషు పేరులో ‘ఆర్’ అక్షరం ఉంటే మనం కట్టిన విలువ పట్టికలోదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, లేకపోతే సమానంగానో తక్కువగానో ఉండాలి. ఎందుకలాగని అడిగే పిల్లలు అరుదు. అడిగితే మార్కులు రావు.

మార్కులంటే గుర్తొచ్చింది, అసలు ప్రయోగం అక్కడుంది. యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం, 1963లో అచ్చయింది, ఈ కోర్సులో దాదాపు అందరూ మొదటి టర్ములోనే చదువుతారు. 40 మంది మగవాళ్లు, అవతలి మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాకివ్వడానికి 15 వోల్టుల నుంచి 450 దాకా 30 మీటలు, కోటు వేసుకున్న ఆయన చెప్పినందుకు 65 శాతం మంది చివరి మీట దాకా నొక్కారు. షాకులు ఉత్తుత్తివే. తరగతిలో ప్రతి పిల్లా ‘నేనైతే లేచి వచ్చేసేదాన్ని’ అంటుంది. అని, ఆ ప్రయోగం మీద 16 మార్కుల వ్యాసం సరిగ్గా మార్క్ స్కీమ్ (మార్కులెలా వేయాలో చెప్పే కాగితం) చెప్పినట్టు రాస్తుంది.

ఆ వ్యాసం కొలతలు ఇవీ. 120 నిమిషాలకు 96 మార్కులు, అంటే మార్కుకి నిమిషంబావు, వ్యాసానికి 20 నిమిషాలు. పదహారులో తెలిసినదానికి 6, తప్పుపట్టినదానికి 10. సిద్ధాంతాన్ని ప్రేమించి, పూసగుచ్చినట్టు రెండు పేజీలు వర్ణించిన అమాయకురాలికి ఆరు దాటి అంగుళం దొరకదు. వర్ణన కట్టె-కొట్టె-తెచ్చె, ఓ 150 పదాల్లో తేల్చేసి, మిగతా సమయమంతా రంధ్రాన్వేషణకు పెట్టాలి. అత్తగారు కోడలి వంటను మెచ్చుకోవడానికి ఒక నిమిషం, వంక పెట్టడానికి పావుగంట కేటాయించినట్టు. ఇంతటి సాంప్రదాయిక నైపుణ్యాన్ని ప్రభుత్వ ఖర్చుతో నేర్పుతున్న దేశాన్ని మెచ్చుకోక తప్పదు.

వంక పెట్టడానికీ ఒక కొలత ఉంది. మాట చెప్పు, ఆధారం చూపు, వివరించు, ప్రశ్నకి ముడిపెట్టు. దీన్ని పీల్ అంటారు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మనకి ఆవు వ్యాసం ఉన్నట్టే వాళ్లకి ల్యాబు వ్యాసం ఉంది, ‘ఇది ల్యాబులో జరిగింది, కాబట్టి ఎకలాజికల్ వాలిడిటీ (బయటి జీవితానికి వర్తించే గుణం) లేదు.’ ఏ ప్రయోగం ఇచ్చినా దాన్ని తీసుకెళ్లి ఈ గుంజకే కట్టేస్తారు. ఎగ్జామినరు దీన్ని చదివి నిట్టూరుస్తాడు, ఎందుకంటే ఆ వాక్యంలో ఏ ప్రయోగం పేరు పెట్టినా సరిపోతుంది. సొలొమన్ ఆష్ గీతల ప్రయోగాన్నే తీసుకోండి, పక్కవాళ్లంతా తప్పు గీత చూపిస్తే మనిషి గుంపులో గోవిందా అంటాడా అని. దాని మీద మార్కు పడాలంటే ఇలా రాయాలి: ‘గీత పొడవు తప్పు చెప్పినా ఎవరికీ పోయేదేమీ లేదు, అందుకే పేరూ ఊరూ తెలియని గుంపుతో తలూపడం సులువు. తప్పు చెబితే నష్టం ఉండే చోట ఇంతే తలూపుతారని ఈ ఫలితాన్నిబట్టి అనలేం.’ ల్యాబు అన్న మాటే రాలేదు చూడండి. ఇంకో జాగ్రత్త, ఏ అధ్యయనమూ దేన్నీ ‘రుజువు’ చేయదు, ‘సూచిస్తుంది’ అంతే. రుజువు అన్న పిల్లకి మాస్టారు ఎర్ర సిరాతో సున్నా చుడతారు. ఆ సున్నా మాత్రం ఏదో రుజువు చేసినట్టే కనిపిస్తుంది.

నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష అనుకునే తప్పు గురించి వేరే చెప్పక్కర్లేదు. సీటు బెల్టు పెట్టుకోగానే కారు కూత ఆగుతుంది కదా, అదీ నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్. బాధ తొలగింది కాబట్టి పని మళ్లీ చేస్తాం. ఈ ఒక్క ముక్క రెండేళ్లు చెప్పినా చివరి పేపర్లో తల్లకిందులవుతుంది.

తెలుగిళ్ల పిల్లలకు ఈ వంకల కర్మాగారంలో ఒక వాటా దొరుకుతుంది, పేరు ‘ఎత్నోసెంట్రిక్’, అంటే ఒక సంస్కృతి కొలతతోనే అందర్నీ కొలవడం. మేరీ ఐన్స్‌వర్త్ ‘స్ట్రేంజ్ సిచ్యుయేషన్’లో పసిపిల్లను ఆటవస్తువులున్న గదిలో కూర్చోబెడతారు. కొత్త మనిషి వస్తుంది, తల్లి వెళ్తుంది, మళ్లీ వస్తుంది, ఒక్కో ఘట్టం మూడు నిమిషాలు. బిడ్డ ఏడుపునిబట్టి, తల్లి తిరిగొచ్చాక చేసేదాన్నిబట్టి అనుబంధం ఏ రకమో తేలుస్తారు. మేనత్త, పిన్ని, ఎదురింటి మామ్మ, పాలబ్బాయి వంతులవారీగా ఎత్తుకు తిరిగే ఇంట్లో ఈ ప్రయోగం చేయాలంటే ముందు ‘కొత్త మనిషి’ని వెతకాలి. ఆమె దొరికినా బుగ్గ గిల్లకుండా మూడు నిమిషాలు ఎలా ఉంటుంది? 1988లో వాన్ ఐజెండోర్న్, క్రూనెన్‌బర్గ్ 8 దేశాల్లోని 32 అధ్యయనాలు కలిపి చూశారు, అందులో 18 అమెరికావే, భారతదేశం లేనే లేదు. మన లేమి వల్ల ఇంగ్లండులో పిల్లలకు మార్కులొస్తున్నాయి. దేశానికి ఇదీ ఒక ఎగుమతే.

చదువుకునే పద్ధతి దగ్గరికొస్తే కమిటీకి నోట మాట రాలేదు. జ్ఞాపకం అనే అధ్యాయంలో, పోలికలున్న విషయాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయని మెక్‌గీయక్, మెక్‌డొనాల్డ్ 1931లోనే చూపించారని చదువుతారు. చదివి, అదే రాత్రి సోషియాలజీ, సైకాలజీ పక్కపక్కన పెట్టుకుని పసుపు హైలైటరుతో పుస్తకమంతా పేరంటానికి సిద్ధం చేస్తారు. పుస్తకం మూసి తమను తాము ప్రశ్నించుకోవడం, రెండ్రోజులకు మళ్లీ అదే చేయడం పనికొచ్చే దారి. కానీ అది నొప్పి. హైలైటరు హాయి.

ఇక మధ్యలో లేచి వెళ్లే హక్కు. అది ఉంది, గడువు 42 రోజులు. ఆ ఆరు వారాలు దాటి పిల్ల పేరు రిజిస్టరులో ఉంటేనే కాలేజీకి వచ్చే నిధుల లెక్కలోకి ఎక్కుతుంది. పైగా ఇంగ్లండులో 18 నిండేదాకా చదువులోనో శిక్షణలోనో ఉండి తీరాలి, కాబట్టి ఈ ప్రయోగంలోంచి లేస్తే ఇంకో ప్రయోగంలో కూర్చోవాల్సిందే. నలభైమూడో రోజున పిల్ల ట్యూటరు బల్ల దగ్గరికెళ్లి మానేస్తానంటే, మిల్‌గ్రామ్ కోటాయన వాడిన నాలుగు మాటలూ అదే వరసలో వస్తాయి. “దయచేసి కొనసాగించమ్మా.” “కోర్సుకి నువ్వు కొనసాగడం అవసరం.” “కొనసాగడం చాలా చాలా ముఖ్యం.” నాలుగోది కాలేజీ అనదు. లండన్ వైపు స్లౌలోనో హౌన్స్‌లోలోనో సోఫాలో కూర్చున్న నాన్నగారు అంటారు: “నీకు ఇంకో దారి లేదు తల్లీ, కెమిస్ట్రీ వద్దని ఇది తీసుకుంది నువ్వే కదా.”

ఇంత చేశాక దక్కేదేమిటని కమిటీ అడిగింది. యూనివర్సిటీలో సైకాలజీ డిగ్రీకి చాలాచోట్ల ఏ-లెవెల్ సైకాలజీ అడగనే అడగరు. డిగ్రీ లేకపోయినా బ్రిటన్‌లో ఉత్త ‘సైకాలజిస్టు’ అని బోర్డు పెట్టుకుంటే చట్టం అడ్డుకోదు. క్లినికల్, ఫోరెన్సిక్, ఎడ్యుకేషనల్ వంటి తొమ్మిది పేర్లకే రక్షణ, అవి వాడాలంటే హెచ్‌సీపీసీ అనే సంస్థలో పేరు ఉండాలి. క్లినికల్ కావాలంటే డిగ్రీ మూడేళ్లు, డాక్టరేటు మూడేళ్లు, ఆ రెంటి మధ్య అనుభవం కోసం తిరిగే తిరుగుడు అదనం.

చివరిది డీబ్రీఫింగ్, అంటే ప్రయోగం అయ్యాక నిజం చెప్పడం. ఆగస్టు మధ్యలో ఒక గురువారం పొద్దున ఆ పని ఒకే ఒక్క అక్షరంతో ముగిస్తారు, అదృష్టం బాగుంటే పక్కన ఒక నక్షత్రం ఉంటుంది. మరుసటి గురువారం జీసీఎస్ఈ (మన పదో తరగతిలాంటిది) ఫలితాలు. అవి పట్టుకుని పదహారేళ్ల పిల్లలు చేరడానికి వస్తారు. ఆ వారంలోనే బీరువా పైనుంచి ప్లాస్టిక్ మెదడు దింపి, దుమ్ము దులిపి, ఊడిన ముక్క బిగించి బల్ల మీద పెడతారు. పక్కన చార్టు. ఎర్ర సిరాలో ‘ఆకుపచ్చ’.